మన తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, పిల్లల్ని ఇంట్లో ఎవరికో ఒకరికి అప్పజెప్పి వీలు చేసుకుని వచ్చిన అమ్మలకు, నాన్నలకు, అమ్మమ్మ తాతయ్యలకు నమస్కారాలు.

నియమావళి ప్రకారం గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా జరిగిన పనిని సభ ముందు ఉంచుతున్నాను. ఆటిజం, అంటే మాట్లాడటం, చూపు కలపడం, నలుగురితో మెలగడం కష్టమయ్యే ఎదుగుదల తేడా, ఉన్న చిన్నపిల్లల కోసం రాజమండ్రిలో ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో ఇక్కడ కూర్చున్నవాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు.

ఈ ఏడాది మన తరగతిలో 11 మంది పిల్లలున్నారు. అందరూ అయిదేళ్ల లోపు వాళ్లే. రోజుకు 3 గంటలు, వారానికి 6 రోజులు. కొత్తగా చేరిన ప్రతి తండ్రీ నన్ను అడిగే మాట ఒకటే: "వారానికి 40 గంటల శిక్షణ ఉండాలంట కదండీ, మీరు 18 గంటలతో సరిపెడుతున్నారేం?" ఆ 40 అంకె అమెరికాలో లోవాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆటిజం ఉన్న పిల్లల మీద చేసి 1987లో ప్రచురించిన పరిశోధనలోది. శిక్షణ తీసుకున్న 19 మందిలో 9 మంది మామూలు పిల్లలతో కలిసి ఒకటో తరగతి పూర్తి చేశారని ఆయన రాశారు. అయితే ఏ పిల్లవాడు శిక్షణ జట్టులోకి, ఎవరు పోల్చి చూసే జట్టులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చలేదని తర్వాత చాలామంది తప్పుపట్టారు. అప్పటి పద్ధతిలో గద్దించడం, తొడ మీద చరచడం కూడా ఉండేవి. మన తరగతిలో అవి లేవు, ఉండనివ్వం.

చిన్నపిల్లలకు ఆటల్లో నేర్పే డెన్వర్ పద్ధతి మీద 2010లో వచ్చిన పరిశోధనలో లాటరీ పద్ధతే పాటించారు. 18 నుంచి 30 నెలల పిల్లలు 48 మంది. వాళ్లలో సగం మందికి, వారానికి 20 గంటలు ఉండాలని పెట్టుకుని, రెండేళ్లు ఆటలోనే నేర్పించారు, తల్లిదండ్రులకూ ఆ పని నేర్పారు. ఆ పిల్లలకు మాటలు, రోజువారీ పనులు మిగతావాళ్లకంటే మెరుగ్గా వచ్చాయి. మన పద్ధతి దీనికి దగ్గర. తరగతిలో 18 గంటలే కానీ, స్నానం దగ్గర, అన్నం దగ్గర, చెప్పులు వేసుకునే దగ్గర నడిచే గంటలు ఇంకా ఎక్కువ. అవి మీ చేతుల్లో ఉన్నాయి. అందుకే అమ్మో, నాన్నో, నాయనమ్మో పక్కన కూర్చోకపోతే బిడ్డని తరగతిలోకి తీసుకోమని పట్టుబడుతున్నాం. దీని మీద కొందరు నాతో పోట్లాడారు. అయినా ఈ నియమం సడలించవద్దని సభను కోరుతున్నాను.

అలా కూర్చున్నందువల్ల ఏం జరిగిందో ఒక్కటి చెబుతాను. మన తరగతిలో మూడేళ్ల బాబు ఒకడు మంచినీళ్లు కావాలంటే అమ్మ చేయి లాక్కెళ్లి సీసా మీద పెట్టేవాడు, ఆమె ముఖం వైపు చూసేవాడు కాడు. టీచరుగారు సీసా మూత బిగించి ఆమె చేతికిచ్చి, "ఆగండమ్మా, తొందరపడకండి" అన్నారు. ఆమె మూత మీద వేళ్లు పెట్టి, లోపల అయిదు అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆగేది. పన్నెండో రోజున వాడు తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు. ఆమె వెంటనే మూత తీసింది. దసరాకి "నీ" అన్నాడు, సంక్రాంతికి "నీలు" అన్నాడు. ఇప్పుడు ఇంటికి చుట్టాలొస్తే వాళ్లనీ అడుగుతున్నాడు.

ఇంకో ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే పాప గోడకి తల కొట్టుకునేది. వాళ్ల అమ్మమ్మగారు స్టవ్ వెలిగించే ముందు కుక్కర్ బొమ్మ ఉన్న కార్డు పాపకి చూపించడం మొదలుపెట్టారు. పాప ఇప్పుడు కార్డు చూడగానే చెవులు మూసుకుని తనే పెరట్లోకి వెళ్తోంది. ఆ పెద్దావిడకి ఈ సభ తరఫున నమస్కారం.

ఇలాంటి బొమ్మల కార్డులన్నీ ఈ ఏడాది తెలుగులోకి మార్చాం. చెంబు, పళ్లెం, దువ్వెన, మన ఇళ్లలో ఉన్నవాటికే ఫొటోలు తీశాం. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. రెండు భాషలు వింటే మన పిల్లలకి నష్టమన్నదానికి ఆధారం లేదు. నాయనమ్మతో మాట కలపలేకపోతే మాత్రం నష్టం ఉంది.

ఇక ఈ ఏడాది మనందరం గర్వంగా చెప్పుకోవలసింది వసంత పంచమి నాటి అక్షరాభ్యాసం. అంతకుముందు ఏడాది గుడికి తీసుకెళ్లిన ముగ్గురు పిల్లలు గంటలకీ, మైకుకీ హడలిపోయి ఏడిస్తే, ఆ తల్లులు జనం చూపులు భరించలేక మధ్యలోనే వచ్చేశారు. ఈసారి పూజారిగారే మన హాలుకి వచ్చారు. మైకు లేదు, గంట లేదు. ఒక్కో కుటుంబానికి 20 నిమిషాలు. ముందు వారం రోజులూ పిల్లలకి పీట, పలక, పళ్లెం ఫొటోలు వరసగా చూపించాం. బియ్యం ముట్టుకోలేని బాబు కోసం గోదావరి ఇసుక తడిపి పళ్లెంలో పరిచాం. వాళ్ల నాన్న వేలు పట్టుకుని "ఓం నమశ్శివాయ" అని మొదలుపెట్టగానే వాడు చేయి విడిపించుకుని, సొంతంగా ఒక గీత గీశాడు. అడ్డంగా, పళ్లెం ఆ చివరిదాకా. పూజారిగారు అక్షతలు నెత్తిన వెయ్యకుండా పక్కన పెట్టి, "ఇదే అక్షరం" అన్నారు. ముస్లిం కుటుంబం ఒకటి, క్రైస్తవ కుటుంబం ఒకటి కూడా వచ్చి తమ పిల్లలచేత "అ" దిద్దించాయి.

బాధ కూడా చెప్పాలి. ఏప్రిల్ 2న ఆటిజం దినం సభలో 23 మంది వాలంటీర్లుగా పేర్లు రాయించుకుని ఫొటోలు దిగారు. శ్రావణమాసం వచ్చేసరికి ఇద్దరు మిగిలారు. మన పిల్లలకి ఒక మనిషి అలవాటు కావడానికి నెల పడుతుంది. చెప్పకుండా మానేస్తే ఆ నెలంతా వృథా. రాలేకపోతే ముందే చెప్పండి, చాలు.

రెండోది, అంగన్‌వాడీ టీచర్లతో ఒక పూట మాట్లాడనివ్వమని ఒక కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాశాం. "ఫైలు పైకి పంపాం" అన్న మాటే ఇప్పటికీ. ఆటిజం గుర్తులు ముందే పసిగట్టడానికి, బిడ్డకి 16 నెలలు వచ్చినప్పటి నుంచే తల్లిదండ్రుల్ని అడిగే 20 ప్రశ్నల పత్రం ఉంది: వేలితో చూపిస్తాడా, పిలిస్తే తిరుగుతాడా అని. చిన్నపిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే ప్రభుత్వ పథకం 2013 నుంచే ఉంది. అయినా మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే" అన్న పెద్దల మాట నమ్మి నాలుగేళ్లు దాటాకే వస్తున్నారు. ఆ మాట అనేవాళ్లది ప్రేమే. కానీ ఆ రెండేళ్లు తిరిగి రావు.

వైకల్య ధ్రువపత్రాల సంగతీ అంతే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, అది ఎంత ఉందో కొలవడానికి 40 అంశాల ఇసా అనే పరీక్ష పత్రం ఉంది. అయినా ఒక ఆస్పత్రిలో ఏడుస్తున్న బిడ్డని పది నిమిషాలు చూసి పంపేశారు. వెళ్లేవాళ్లు ఇంట్లో తీసిన వీడియోలు, టీచరు రాసిన కాగితం పట్టుకెళ్లండి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే జాతీయ సంస్థకి వెళ్లాలనుకునేవాళ్లకి దరఖాస్తు నింపడంలో సాయం చేస్తాం.

జమాఖర్చుల పట్టిక మీ చేతుల్లో ఉంది. హాలు అద్దె, టీచర్ల జీతాలు పోను మిగిలింది తక్కువ. వివరాలు కోశాధికారిగారు చదువుతారు.

శనివారాల్లో ఫీజు తీసుకోకుండా వచ్చే స్పీచ్ థెరపిస్టుగారికి, కార్డులు ఉచితంగా లామినేషన్ చేసిచ్చిన ప్రింటింగ్ షాపువారికి, పిల్లలు ఎక్కగానే పాటలు ఆపేసి హారన్ కొట్టకుండా నడిపే మన ఆటో అన్నకి, పూజారిగారికి, వర్షాల్లోనూ సెలవు పెట్టని ఇద్దరు టీచర్లకి, ఆఖరిదాకా నిలిచిన ఆ ఇద్దరు వాలంటీర్లకి కృతజ్ఞతలు.

జూన్ తరగతికి ఏడుగురు పిల్లలు ఎదురుచూస్తున్నారు. అందరికన్నా చిన్నది 20 నెలల పాప. మంగళ, గురువారాల ఉదయం కూర్చోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. రిజిస్టరు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాం. పేరుతో పాటు ఏ రోజు వస్తారో కూడా రాయండి.

కార్యదర్శి