పెట్టె విప్పకముందే సంతకమా?

సంపాదకులకు నమస్కారం.

ఇంటికైనా దుకాణానికైనా సరుకు తెచ్చినవారు ముందు సంతకం పెట్టించుకుని, ఆ తర్వాతే పెట్టె చేతికిస్తున్నారు. 'సరుకు మంచి స్థితిలో అందింది' అని ఆ చీటీ మీద అప్పటికే అచ్చయి ఉంటుంది. లోపల వస్తువు పగిలిందని మర్నాడు ఫోన్ చేస్తే ఆ సంతకాన్నే చూపిస్తారు.

మన వస్తు విక్రయ చట్టం 1930లో వచ్చింది. ముందుగా చూడని సరుకును పరీక్షించుకోవడానికి తగిన అవకాశం దొరికేదాకా కొన్నవారు దాన్ని ఆమోదించినట్లు కాదని అందులోని 41వ సెక్షన్ చెబుతోంది. మూసిన పెట్టె మీద పెట్టిన సంతకం, నా దృష్టిలో, పెట్టె అందిందనడానికే రుజువు. అయినా వివాదం దాకా ఎందుకు? 'విప్పి చూడలేదు' అని సంతకం పక్కనే రాసేయడం మేలు. రాయనివ్వకపోతే అనుమానించాల్సిందే.

లెక్క తగ్గినప్పుడూ ఇదే తంతు. వంద బస్తాలు అడిగితే తొంభై దించి, 'మిగతావి తర్వాత చూద్దాం' అంటారు. 37వ సెక్షన్ ప్రకారం ఆ తొంభైనీ తిరస్కరించవచ్చు. ఉంచుకుంటే మాత్రం వాటికి ఒప్పుకున్న ధర కట్టాలి. న్యాయంగా తిరస్కరించిన సరుకును, వేరే ఒప్పందం లేకపోతే, మోసుకెళ్లి అప్పగించే బాధ్యత కూడా కొన్నవారిది కాదు. వద్దన్న కబురు పంపితే చాలు. ఈ సంగతి తెలియక ఎంతమంది తిరుగు రవాణా ఖర్చు భరిస్తున్నారో!

అలాగని కొనేవారంతా సత్యహరిశ్చంద్రులేమీ కాదు. సరుకు సిద్ధంగా ఉంది, తీసుకెళ్లండని అమ్మినవారు కబురు చేసినా, ధర పడిపోయిందని మొహం చాటేసేవారున్నారు. తగిన గడువులో తీసుకోకపోతే ఆ నష్టమూ, సరుకును కాపాడినందుకు సమంజసమైన ఖర్చూ వారే భరించాలని 44వ సెక్షన్ నిర్దేశిస్తోంది. లోపం కనిపించినా నెలల తరబడి నోరు మెదపకుండా అట్టిపెట్టుకుంటే ఆమోదించినట్లే లెక్క.

ఆన్‌లైన్ కొనుగోళ్లకు 2020లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఆ నిబంధనలు తెచ్చిన వినియోగదారుల వ్యవహారాల శాఖే మరో అడుగు వేయాలి. సరుకు అందినట్లు ఇచ్చే ప్రతి చీటీలోనూ, ఫోను తెర మీదా 'విప్పి చూశాను', 'చూడలేదు' అని రెండు గడులు స్థానిక భాషలో ఉండి తీరాలని ఆదేశించాలి.

- ఒక పాఠకుడు