ఐదు నిమిషాల పనికి ఐదొందలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ప్లంబర్ల మీద ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మొన్న మీ పేపర్లో చదివాను. ఫోన్ ఎత్తరని, చెప్పిన టైముకి రారని, వచ్చాక ఐదు నిమిషాలు ఏదో తిప్పి ఐదొందలు అడుగుతారని ఆయన బాధ. మొదటి రెండూ నిజమే, మా వాళ్ళలో చాలామందికి ఆ జబ్బుంది, వాళ్ళని వెనకేసుకు రాను. మూడోదాని గురించే రాస్తున్నాను. కూకట్‌పల్లి, నిజాంపేట వైపు చాలా ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి మా వైపు నుంచి కూడా ఒక మాట మీ పాఠకులకు తెలియాలని.

ఆ ఐదు నిమిషాలు ఎక్కడివో చెప్తాను. నల్లా కారుతోందని పిలుస్తారు. వాషర్ పోయిందా, తిప్పే కాడ, అదే స్పిండిల్, అరిగిందా, లేక లోపల వాషర్ ఆనే సీటే తినేసిందా అన్నది విప్పితేగానీ తెలియదు. మా ఏరియాలో బోరు నీళ్ళు ఉప్పు, ఏ ట్యాప్ విప్పినా లోపల తెల్లగా సున్నం కట్టి ఉంటుంది. మెయిన్ వాల్వ్ ఎక్కడుందని అడిగితే ఇంట్లో ఎవరికీ తెలియదు. వాచ్‌మన్ కోసం వెతకాలి, టెర్రస్ తాళం చెవి కోసం అసోసియేషన్ ప్రెసిడెంట్ ఇంటికి వెళ్ళాలి, వాల్వ్ తిప్పితే అది బిగుసుకుపోయి ఉంటుంది. ఆ తర్వాత షాపుకి వెళ్ళి సామాను తేవాలి. ఇదంతా అయ్యాక కస్టమర్ కంటికి కనబడేది చివర్లో వాషర్ వేసి బిగించిన ఐదు నిమిషాలే. వాషర్ ఇరవై రూపాయలు కదా, మిగతాది దేనికి అంటారు. మా పనిలో బిగించడం చిన్న ముక్క సార్, తప్పు ఎక్కడుందో కనిపెట్టడమే అసలు పని, డబ్బు ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పనిది కూడా దానికే.

అపార్ట్‌మెంట్ లీకేజీ దగ్గర ఇది ముదిరి పాకాన పడుతుంది. కింది ఫ్లాట్ వాళ్ళ బాత్రూం సీలింగ్ మీద తేమ వస్తుంది, లప్పం ఊడిపోతుంది, పిలిచేది కింది వాళ్ళు, పని మాత్రం పై ఫ్లాట్‌లో. పైకి వెళ్ళి బెల్లు కొడితే ఆయన తలుపు సగమే తీసి "మా ఇంట్లో చుక్క కూడా కారట్లేదు, కావాలంటే చూస్కో" అంటాడు. ఆయన ఇంట్లో ఎందుకు కారుతుంది, కారితే కిందే కారాలి కదా. ఎలాగోలా ఒప్పించి లోపలికి వెళ్తే అప్పుడు మొదలవుతుంది అసలు సంగతి. ముందు ఆ బాత్రూంకి వచ్చే నీళ్ళ లైను రాత్రంతా కట్టేసి చూడాలి. కింద తేమ ఆరడం మొదలైతే తప్పు నీళ్ళొచ్చే పైపులో ఉన్నట్టు. ఆరకపోతే, వాళ్ళు స్నానం చేసినప్పుడే చుక్కలు పడుతుంటే, నీళ్ళు పోయే పైపులోనో, నేలలో నీళ్ళు పోయే జాలీ కింద ఉండే నహానీ ట్రాప్ చుట్టూనో, టైల్స్ సందుల్లోనో చూసుకోవాలి. ట్రాప్ నోట్లో గుడ్డ కుక్కి నేల మీద నీళ్ళు నిలబెట్టి కొన్ని గంటలు ఆగాలి. కింది సీలింగ్‌కి నీళ్ళు దిగితే నేలది తప్పు. దిగకపోతే గుడ్డ తీసి నీళ్ళు వదిలి మళ్ళీ కాపు కాయాలి. ఇంత చూడకుండా సుత్తి పట్టుకుని టైల్స్ పగలగొట్టేవాడు కూడా ఉన్నాడు, వాడు చవగ్గా వస్తాడు, తర్వాత ఆ టైల్ మళ్ళీ మార్కెట్లో దొరక్క వాళ్ళు పడే అవస్థ వేరే కథ.

ఇదంతా చేసి పైవాళ్ళదే తప్పని చెప్తే, కింది వాళ్ళే నాకు డబ్బులిచ్చి చెప్పించారని పైవాళ్ళు అంటారు. కింది వాళ్ళ సీలింగ్ దగ్గర కామన్ పైపుదే తప్పని చెప్తే అసోసియేషన్ వాళ్ళకి కోపం. అందుకే ఇప్పుడు నోటితో చెప్పడం మానేశాను. బట్టలకి పెట్టే నీలిమందు బకెట్లో కలిపి, ఇద్దర్నీ నిలబెట్టి, వాళ్ళ కళ్ళ ముందే పై బాత్రూంలో పోస్తాను. స్లాబులోంచి దిగాలి కాబట్టి ఒక్కోసారి మర్నాటిదాకా ఆగాల్సి వస్తుంది, కానీ ఆ నీలం మరక కింద సీలింగ్ మీద కనబడ్డాక మాత్రం ఎవరూ నోరెత్తరు. డబ్బులు ఎవరిస్తారన్నది అప్పటికీ తేలదు, అది వేరే సంగతి.

పాత ఇళ్ళది ఇంకో బాధ. హౌసింగ్ బోర్డు కాలనీలో తక్కువ, మధ్య తరగతి ఆదాయం వాళ్ళకి కట్టిన పాత ఎల్ఐజీ, ఎంఐజీ ఇళ్ళలో ఇప్పటికీ గోడల్లో జీఐ పైపులున్నాయి, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులు. ట్యాప్ మార్చమంటారు. పానా పెట్టి ఒక్క తిప్పు తిప్పగానే ట్యాప్‌తో పాటు పైపు ముక్క ఊడి చేతిలోకి వస్తుంది, మిగతా సగం మరలు గోడలోనే ఉండిపోతాయి. ఆ ముక్క పట్టుకుని చూస్తే ఎర్రటి తుప్పు, మరల దగ్గర ఇనుము కాగితమంత పల్చబడి ఉంటుంది, నీళ్ళు వెళ్ళే రంధ్రం పెన్సిల్ కూడా పట్టనంతగా మూసుకుపోయి ఉంటుంది. అది ఎప్పుడో పోయింది, ట్యాప్ బిగువు మీద నిలబడి ఉందంతే. కస్టమర్ మాత్రం "బాగున్న పైపు విరగ్గొట్టావు, నువ్వే గోడ చేయించివ్వు" అని మొదలుపెడతాడు. అందుకని ఇప్పుడు పానా తీయకముందే చెప్పేస్తాను, ఇది ఊడితే గోడ పగలగొట్టాలి, ఖర్చు ఇంతవుతుంది, సరే అంటేనే చేయి వేస్తాను అని. కొందరు అప్పుడు కూడా "అంత టెన్షన్ ఏం లేదు, మెల్లగా తిప్పు" అంటారు. తుప్పుకి మెల్లగా, గట్టిగా అని తేడా ఉండదు మేడం.

కమీషన్ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీ పాఠకుడు ఊరుకోడు. కొన్ని షాపుల వాళ్ళు ప్లంబర్లకి కమీషన్ ఇస్తారు, అందరికీ తెలిసిందే. ఆ అనుమానం తప్పు అనను. అందుకే సామాను చీటీ రాసి, సైజులు వేసి, ఐఎస్ఐ మార్కు చూసి మీరే తెచ్చుకోండి అంటాను. కానీ చీటీ పక్కన పడేసి ఆన్‌లైన్లో చవగ్గా మెరిసేది ఏదో తెప్పిస్తారు, బిగిస్తుంటే మరలు తిరిగిపోతాయి, నెల తిరక్కుండా కారుతుంది, ఫోన్ మాత్రం నాకే వస్తుంది, ఫ్రీగా వచ్చి చూడమని. నా సామానుకి, నా పనికి నేను గ్యారంటీ ఇస్తాను. మీరు తెచ్చిన డబ్బాలో ఏముందో దానికి నేనెలా పూచీ పడతాను?

అద్దె ఇళ్ళలో నేను మధ్యలో నలిగిపోతాను. అద్దెకున్నవాళ్ళు ఓనర్ ఇస్తాడంటారు, ఓనర్ అద్దెవాళ్ళే పాడు చేశారంటాడు. ఓనర్ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే వీడియో కాల్‌లో కెమెరా దగ్గరగా పెట్టమని, ఇంకొంచెం కిందికి చూపించమని గంటసేపు నిలబెడతాడు. అక్కడ ప్లంబర్ ఇంట్లో అడుగు పెడితేనే వంద డాలర్లని ఆయనే చెప్తాడు, ఇక్కడ మూడొందల దగ్గర బేరం కూడా ఆయనే ఆడతాడు. అయితే ఒకటి, మాట ఒప్పుకున్నాక వాళ్ళు డబ్బులు వెంటనే పంపిస్తారు. పక్క బ్లాకులో ఉండి "రేపు ఫోన్‌పే చేస్తా" అని, నా మెసేజ్‌కి నీలం టిక్కులు పడుతున్నా పలకనివాళ్ళకంటే నయం.

తొందర కస్టమర్లకి ఒక్క మాట. సీపీవీసీ ప్లాస్టిక్ పైపుల జాయింటుకి సొల్యూషన్, అంటే అతికించే జిగురు, పెట్టాక అది పట్టడానికి టైం కావాలి, కొన్ని గంటలు నీళ్ళు వదలొద్దంటే అది నా బద్ధకం కాదు, డబ్బా మీద కూడా రాసే ఉంటుంది. చుట్టాలొస్తున్నారని అరగంటలో వాల్వ్ తిప్పేసి, జాయింటు ఊడాక పని బాలేదని యాప్‌లో ఒక్క స్టార్ ఇస్తే ఎలా? కన్జ్యూమర్ కోర్టుకి వెళ్తానని బెదిరించేవాళ్ళూ ఉన్నారు. వెళ్ళొచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం డబ్బు తీసుకుని చేసే ఇలాంటి సేవలకి వర్తిస్తుంది, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే కాగితం మీద ఏమీ రాసుకోలేదు కదా, అక్కడికెళ్ళి ఇద్దరం ఏం చూపిస్తాం? అందుకే పని మొదలుపెట్టే ముందే చూసినందుకు ఎంత, చేసినందుకు ఎంత, దేనికి గ్యారంటీ లేదు అన్నది వాట్సాప్‌లో పెట్టి, సరే అని జవాబు వచ్చాకే పని మొదలుపెడుతున్నాను. పాత సామాను పారేయకుండా వాళ్ళ చేతికే ఇస్తున్నాను. గొడవలు సగానికి సగం తగ్గాయి.

నీళ్ళ గ్లాసు ఇవ్వడానికి ఆలోచించేవాళ్ళ గురించి, లిఫ్ట్ ఎక్కొద్దనే అపార్ట్‌మెంట్ల గురించి రాయను, వాళ్ళకి రాసినా అర్థం కాదు.

కానీ ఒక్క రకం కస్టమర్‌తో మాత్రం నేను బేరానికే కూర్చోను. సెప్టిక్ ట్యాంకు నిండింది, ఒకసారి లోపలికి దిగి చెత్త అడ్డం తీసెయ్, వెయ్యి ఎక్కువిస్తా అనేవాళ్ళు. లోపల గ్యాసు ఉంటుంది. కుళ్ళిన గుడ్ల వాసన వస్తోందంటే వెనక్కి రావచ్చు, అది మరీ ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియదు, మనిషి అక్కడే పడిపోతాడు, పైకి లాగడానికి దిగినవాడు కూడా పడిపోతాడు. సరైన రక్షణ సామాను లేకుండా మనిషిని అందులోకి దించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే 2 ఏళ్ళ దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ పనిలో మనిషి చనిపోతే కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. నేను కాదంటే కూలీల అడ్డా మీద నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకుంటామని కొందరు మొహం మీదే అంటారు. దించినవాళ్ళ మీదా కేసు అవుతుందని నేనూ మొహం మీదే చెప్తాను. ట్యాంకర్‌ని పిలిస్తే మిషన్ లాగేస్తుంది, ఆ ఖర్చుకి ఇంత ఆలోచన ఎందుకో నాకు అర్థం కాదు.

మీ పేపర్లో ఆదివారం ఇల్లు, ఇంటీరియర్ల పేజీ వేస్తారు కదా. ఏ రంగు టైల్స్ బాగుంటాయో రాసే చోట, టైల్స్ వేయకముందు గోడల్లో పైపులు ఎటు నుంచి ఎటు పోతున్నాయో ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోమని, బిల్డర్ దగ్గర లైన్ డ్రాయింగ్ అడిగి తీసుకోమని కూడా రాయండి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించమనీ, అప్పుడప్పుడు తిప్పి వదలమనీ రాయండి. ఆ ఫొటోలుంటే నేను గోడ మొత్తం తడుముకోకుండా నేరుగా లీకేజీ దగ్గరే పగలగొడతాను, వాళ్ళకి బిల్లూ తగ్గుతుంది.

ఇట్లు,
ఒక ప్లంబర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్