సైస్మిక్ బొమ్మ వేసేటప్పుడు రంగుల స్కేల్ కూడా వేయండి

సంపాదకుల గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో కోనసీమ కింద గ్యాస్ నిల్వల గురించి వేసింది చదివానండి. రాసిన విషయం బానే ఉంది, పక్కన వేసిన సైస్మిక్ బొమ్మ, అంటే భూమి లోపలి పొరల్ని చూపించే బొమ్మ గురించే ఈ ఉత్తరం. ఎరుపు నీలం చారలతో అరపేజీ బొమ్మ వేసి కింద "ఎర్రగా ఉన్న చోట గ్యాస్" అని ఒక్క లైను పెట్టారు. ఆ పొద్దున్నే రాజోలు దగ్గర నుంచి మా మావయ్య ఫోన్ చేసి "ఒరేయ్ అల్లుడూ, మన చేల కిందంతా ఎర్రగానే ఉందంట కదా, మళ్ళీ పాశర్లపూడి లాగా అవుద్దేంట్రా" అన్నాడు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అదుపు తప్పి ఎగదన్నిన ఆ బ్లోఔట్ రెండు నెలలకు పైగా మండింది, ఆ మంట కళ్ళారా చూసిన మనిషి ఆయన, ఆ భయం ఊరికే పోదు కదండీ.

నేను సైస్మిక్ డేటా ప్రాసెసింగ్ పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, అది భూమి లోపల తీసిన ఫోటో కాదు. పొలంలో బోరు వేసి చిన్న పేలుడు పెడతారు, లోపలి పొరలకి తగిలి వెనక్కొచ్చిన కదలికల్ని వరసగా పాతిన జియోఫోన్లు పట్టుకుంటాయి, చివరికి మాకు చేతికొచ్చేది లక్షల కొద్దీ నంబర్లు మాత్రమే. వాటికి రంగు వేసేది మేమే, కంప్యూటర్ ముందు కూర్చుని.

అమెరికాలో కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ వాళ్ళు ఫ్రీగా ఇచ్చిన సైస్మిక్ యూనిక్స్ అని ఒక ప్యాకేజీ ఉంది, అందులో సుఎక్స్ఇమేజ్ అనే కమాండ్ ఉంటుంది, టెర్మినల్లో ఆ పేరు, పక్కన ఫైల్ పేరు, రెండు మూడు ఆప్షన్లు టైప్ చేసి ఎంటర్ కొడితే విండోలో బొమ్మ వచ్చేస్తుంది. అసలు సంగతంతా ఆ ఆప్షన్ల దగ్గరే ఉంది. పెర్క్ అని ఒకటుంది, ఎంత పెద్ద నంబరు దగ్గర చివరి రంగు రావాలో శాతంలో చెప్పేది, ఏమీ ఇవ్వకపోతే డేటాలో అన్నిటికంటే పెద్ద నంబరు ఏదుంటే దాన్ని చివరి రంగుకి పెట్టుకుంటుంది, ఎక్కడో ఒక జియోఫోన్ దగ్గర ట్రాక్టర్ వెళ్ళి పిచ్చి నంబరు ఒకటి పడిందనుకోండి, మిగతా బొమ్మంతా బూడిద రంగులో చప్పగా వస్తుంది, ఒక్క పొర కూడా కనబడదు. అదే పెర్క్ 99 అని ఇస్తే పైన ఒక శాతం, కింద ఒక శాతం నంబర్లు చివరి రంగుల్లో కలిసిపోయి అప్పటిదాకా లేని పొరలు గీత గీసినట్టు బయటికొస్తాయి. 90 చేశామా, నాయిస్ అంటే పనికిరాని అలజడి కూడా పొరల్లాగా ముదురు రంగులో కనిపిస్తుంది! ఫైల్ మాత్రం ఒక్కటే, అందులో ఒక్క నంబరు కూడా మారలేదు. విండో మీద మౌస్ పెట్టి హెచ్ కీ నొక్కితే రంగుల సెట్టే మారిపోతుంది, ఇందాక ఎర్రగా ఉన్న పొర ఇంకో రంగులోకి వెళ్ళిపోతుంది.

మామూలుగా ఎరుపు, నీలం అంటే తిరిగొచ్చిన అల పాజిటివా నెగిటివా అని చెప్పడానికే, ఏది ఏ రంగు అన్నది కూడా వేసినవాళ్ళ ఇష్టం. గ్యాస్ ఉన్న ఇసుక పొర నుంచి అల గట్టిగా రావచ్చు, నిజమే, మా వాళ్ళు బ్రైట్ స్పాట్ అంటారు. కానీ గట్టిగా వచ్చిందల్లా గ్యాస్ కాదు. పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో నల్లరాయి తవ్వుతారు చూడండి, ఆ పాత లావా పొరలే రాజోలు వైపు నేల లోతుల్లో కూడా ఉన్నాయి, వాటి నుంచీ అల గట్టిగానే వస్తుంది. ఉందో లేదో చివరికి బావి తవ్వితేనే తేలేది.

ఇంకోటండి, బొమ్మ పక్కన నిలువుగా 1, 2, 3 అని ఉన్నవి మీరు కిలోమీటర్లు అని రాశారు. అలాంటి బొమ్మల్లో చాలావరకు అవి సెకన్లు, అల కిందకెళ్ళి పైకి రావడానికి పట్టిన టైము. సెకనుకి 3000 మీటర్లు పోయే రాయి అయితే 2 సెకన్లంటే 3 కిలోమీటర్ల లోతు, అదే 2000 మీటర్లు పోయే మట్టి అయితే 2 కిలోమీటర్లే. మీ బొమ్మలో ఏదో తేల్చుకుందామంటే యూనిట్ కత్తిరించేశారు.

అందుకే అడుగుతున్నాను, ఇక మీదట ఇలాంటి బొమ్మ వేస్తే రంగుల స్కేల్, అంటే ఏ రంగు ఏ నంబరుకో చూపే పట్టీ, కత్తిరించకండి. ఇచ్చినవాళ్ళు స్కేల్ లేకుండా ఇస్తే మళ్ళీ అడిగి తెప్పించుకోండి, సుఎక్స్ఇమేజ్ లో లెజెండ్ ఈక్వల్ టు 1 అని ఒక్క ముక్క చేరిస్తే స్కేల్ దానంతటదే వస్తుంది, ప్రింటుకి పంపే సుపిఎస్ఇమేజ్ లో కూడా అదే ఆప్షన్. నిలువు గీత టైమా లోతా, సర్వే చేసిన లైను ఏ ఊరి నుంచి ఏ ఊరికి, పెర్క్ ఎంత పెట్టారు అన్నది బొమ్మ కింద చిన్న అక్షరాల్లో వేసినా చాలు. చోటు లేదంటారా, బొమ్మని కాస్త చిన్నది చేయండి.

నాకు అసలు బాధ ఎక్కడంటే, మా మావయ్య లాంటి వాళ్ళ పొలాల్లోనే కదండీ ఆ కేబుళ్ళు లాగింది, ఆ డేటా వచ్చింది వాళ్ళ గట్ల మీద నుంచే. ఆ బొమ్మ చూసి ముందుగా కంగారు పడేదీ వాళ్ళే. నేను ఫోన్లో అరగంట చెప్పినా ఆయన "మరి పేపర్లో వేశారు కదరా" అనే అన్నాడు. వచ్చే ఆదివారం అదే బొమ్మ స్కేల్ తో మళ్ళీ వేసి, ఎరుపు అంటే గ్యాస్ కాదని మీరే ఒక్క మాట రాయండి.

ఇట్లు,
కోనసీమ నుంచి మీ పాఠకుడు