మూడో బిడ్డను కనమంటున్న ముఖ్యమంత్రి గారికి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు గారికి,

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో మీ ప్రభుత్వం ఎత్తివేసింది. మంచి పని చేశారు. ఇంట్లో మూడో కాన్పు వద్దనే హక్కు లేని ఆడదానికి, ఆ కాన్పునే సాకుగా చూపి సర్పంచ్ పదవి దక్కకుండా చేసిన నిబంధన అది.

పేచీ అంతకు నెల ముందు మీరన్న మాటతోనే. ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవారికే పోటీకి అర్హత ఉండేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు. మరుసటి ఏడాది మీ పార్టీ విజయనగరం ఎంపీ, మూడో సంతానం ఆడపిల్లయితే 50 వేల రూపాయలు, మగపిల్లవాడైతే ఆవు ఇస్తానన్నారు. బిడ్డకూ ఆవుకూ కూడా చాకిరీ చేయవలసింది ఆ ఇల్లాలేనని ఎవరికీ తట్టినట్టు లేదు.

జనం మాట ఏమిటో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. మన రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి పిల్లలు 1.7. పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ల వంతు ఒక శాతమైనా లేదు. 'మేమిద్దరం, మాకిద్దరు' అని గోడల మీద రాయించి, డబ్బిచ్చి మరీ వాళ్లను ఆపరేషన్‌కు పంపింది ప్రభుత్వాలే. ఇప్పుడు మూడో బిడ్డను కనమని ఎవరికి చెబుతున్నట్టు?

రాష్ట్రంలో వృద్ధులు పెరుగుతున్నారన్న మీ ఆందోళన నిజమే. కానీ ఇద్దరితో ఆపినవాళ్ల లెక్క వేరు. మా భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీల బస్సులు తెల్లవారకముందే ఊళ్లలోకి వస్తాయి. ఐసు నీళ్లలో రొయ్యల తలలు తీసీ, పొట్టు ఒలిచీ చేతివేళ్లు తెల్లగా నానిపోయిన ఆడవాళ్లు సాయంత్రానికి దిగుతారు. అంతసేపూ ఏడాది బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? అత్తగారు కూడా కూలికి వెళితే పక్కింటివాళ్లే దిక్కు. అంగన్‌వాడీలో పిల్లలను కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండాకే. బడికెళ్లే పిల్లల తల్లులకిచ్చే 'తల్లికి వందనం' డబ్బు ఇంట్లో ఎందరు పిల్లలుంటే అందరికీ ఇచ్చారు, సంతోషం. అది బడిలో చేరాకే కదా! కష్టమంతా అంతకుముందే.

మీ ప్రభుత్వ ఉద్యోగినులకు ఎన్నో కాన్పయినా ప్రసూతి సెలవు వర్తింపజేశారు. కేంద్ర చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకు 26 వారాలు, మూడో దానికి 12 వారాలే. కాంట్రాక్టరు కింద రొయ్యలు ఒలిచే మనిషికి ఆ పన్నెండు దక్కినా గొప్పే.

యాభై మంది పనిచేసే చోట పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 నుంచీ చట్టం చెబుతోంది. అది ఏయే ఫ్యాక్టరీల్లో లేదో కార్మిక శాఖతో జాబితా తెప్పించి బయటపెట్టండి. మూడో కాన్పు ప్రోత్సాహకాల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
భీమవరం