వింటినారికి కొవ్వొత్తి రుద్దకండి

సంపాదకులకు,

అయ్యా,

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు, మరుసటి ఏడాది ప్యారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో బొమ్మదేవర ధీరజ్, అంకిత భకత్‌ల జోడీ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు మీ క్రీడాపేజీ ఆ వార్తలను ఎంతో శ్రద్ధగా ప్రచురించింది. విజయవాడ విలుకాళ్ల పేర్లు అలా పత్రికలో చూసి పిల్లలను మైదానానికి తీసుకువచ్చిన తల్లిదండ్రుల్లో నేనూ ఒకణ్ని. అయితే విల్లు కొన్న తరువాత దాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పేవారు తక్కువ. అందులోనూ వింటినారికి పూసే మైనం గురించి మా మైదానంలో చెలామణిలో ఉన్న తప్పుడు అలవాట్లు చూసి ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

మా అమ్మాయి రికర్వ్ విల్లు, అంటే కొనలు ముందుకు వంగిన విల్లు, పట్టిన మొదటి ఏడాది ఎవరో చెప్పిన మాట విని, కరెంటు పోయినప్పుడు వెలిగించుకునే కొవ్వొత్తి ముక్కను నారికి బాగా రుద్దాను. రెండు రోజులు నున్నగా, చూడముచ్చటగానే ఉంది. వారం తిరిగేసరికి బాణం వదిలిన ప్రతిసారీ నారి మీది నుంచి తెల్లటి పొట్టు రాలడం మొదలైంది. నెలన్నరకు చివరి ఉచ్చు దగ్గర పోగులు నూగులేచి, వాటిలో ఒకటి తెగింది. నేరమంతా కొవ్వొత్తిదేనని నేను అనను. ఆ నారి అప్పటికే పాతబడింది. కానీ పోగుల మధ్యకు చొరబడి వాటిని కలిపి ఉంచవలసిన పదార్థం పైపైన పెచ్చులా కూర్చుని రాలిపోతే, నారికి అసలు మైనమే పెట్టనట్టు లెక్క. కొవ్వొత్తి అన్న పేరులో కొవ్వు మిగిలింది గానీ, ఈనాటి కొవ్వొత్తి పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్. ఒంటిగా వాడితే అది పెళుసుగా ఉంటుంది, నారి వంగిన చోటల్లా విరుగుతుంది.

నారి అంటే ఒక్క తాడు కాదు. నేర్చుకునే పిల్లల విల్లుకు పాలిస్టర్ పోగులు, పోటీలకు వెళ్లేవారి విల్లుకు డైనీమా వంటి పాలిథిలిన్ పోగులు, పది పదిహేను నుంచి ఇరవై దాకా కలిపి మెలిపెట్టి కడతారు. బాణం వదిలిన ప్రతిసారీ ఈ పోగులు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. ఆ రాపిడిని తగ్గించడం, పోగులు విడిపోకుండా పట్టి ఉంచడం, తేమను, దుమ్మును లోపలికి పోనివ్వకపోవడం మైనం చేసే పని. పూర్వం మొక్కల నారతోనే వింటినారి పేనేవారు. వింటినారికి మరో పేరైన మౌర్వి అన్న మాట మూర్వ అనే మొక్క పేరు మీద వచ్చింది. మనవాళ్లు చాగనార అనేదీ ఆ జాతి మొక్క నారే. మన కవులు మన్మథుడి చెరకు వింటికి తుమ్మెదల బారును నారిగా కట్టారు. తుమ్మెద మైనం పెట్టదు గనుక ఆ ఊహలో శాస్త్రం వెతకనక్కరలేదు. కాని మన పిల్లల నారికి మాత్రం తేనెటీగ సాయం కావలసిందే.

ఇంట్లో మైనం తయారు చేసుకోవడం కష్టమేమీ కాదు. కష్టమంతా అసలైన తేనెమైనం దొరకబుచ్చుకోవడంలో ఉంది. అంగట్లో తేనెమైనం పేరుతో అమ్మే దానిలో పారఫిన్ కలిపినది చాలానే ఉంటుందని నా అనుభవం. మంచి తేనెమైనాన్ని చేతిలో కాసేపు నలిపితే మెత్తబడి తేనె వాసన వేస్తుంది, చల్లగా ఉన్నప్పుడు విరిస్తే విరిగిన చోట గరుకుగా కనిపిస్తుంది. కొన్ని వారాలు కదపకుండా ఉంచితే దాని మీద పలచటి తెల్లని పొర కూడా వస్తుంది. ఆ పొరను బూజనుకుని ఒకసారి నేను మంచి దిమ్మను పారేశాను. నిజానికి అది అసలు సరుకని చెప్పే గుర్తు. కాస్త వెచ్చజేస్తే మాయమవుతుంది.

తేనె పిండగా మిగిలిన పట్టు పిప్పి దొరికితే ఇంకా మేలు. దాన్ని నీళ్లలో వేసి సన్నని సెగ మీద కరిగించి, పలచటి గుడ్డలో వడగట్టి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లారేసరికి మైనం నీటి మీద బిళ్లలా గట్టిపడి తేలుతుంది. దాని అడుగున పేరుకున్న గోధుమరంగు మడ్డిని చాకుతో గీకేస్తే చాలు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది కాబట్టి తరువాతి పనికి నేరుగా మంట అక్కరలేదు. వెడల్పు గిన్నెలో నీళ్లు మరగబెట్టి, అందులో చిన్న స్టీలు గిన్నె ఉంచి కరిగించాలి. మైనం పొయ్యి మీద ఉండగా పక్కకు వెళ్లకూడదు. పొరపాటున అంటుకుంటే నీళ్లు చల్లకుండా మూత పెట్టి ఆర్పాలి.

వంద గ్రాముల తేనెమైనానికి పది గ్రాముల రోజిన్, అంటే పైన్ చెట్టు బంక నుంచి తీసే పెళుసైన పదార్థం, మెత్తగా పొడి చేసి కొద్దికొద్దిగా కలుపుతాను. తరువాత మూడు చెంచాల ఆముదం పోస్తాను. రోజిన్ జిగురునిస్తుంది, ఆముదం మెత్తదనాన్నిస్తుంది. ఈ కొలత చలికాలానిది. మే నెలలో విజయవాడ ఎండకు ఇదే మైనం వేళ్లకు అంటుకుని మైదానంలోని దుమ్మునంతా నారికి అద్దుతుంది. ఆ ఇసుక రేణువులు పోగులను లోపలి నుంచే కోస్తాయి కనుక, వేసవిలో ఆముదం ఒక్క చెంచాకు, రోజిన్ సగానికి తగ్గించుకోవాలి. కొబ్బరినూనె నాకు పనికి రాలేదు. మన వాతావరణంలో ఏడాదిలో చాలా నెలలు అది నూనెగానే ఉండి కారుతుంది. కరిగిన మిశ్రమాన్ని ఖాళీ అగ్గిపెట్టెలో కాగితం పరిచి పోస్తే, చేతిలో ఇమిడే కడ్డీలు తయారవుతాయి.

పూయడంలోనూ తొందర పనికిరాదు. కడ్డీని నారి పొడవునా పలచగా రుద్ది, బొటనవేలు, చూపుడువేలు మధ్య నారిని పట్టి పైకీ కిందికీ వేగంగా పామితే, ఆ రాపిడి వేడికే మైనం పోగుల మధ్యకు దిగుతుంది. ఆ తరువాత ఒక దారాన్ని నారి చుట్టూ ఒక్క మెలిక వేసి లాగితే అదనపు మైనం ఊడి వస్తుంది. ఎక్కువైన మైనం బరువే తప్ప బలం కాదు. ఆ బరువు బాణం వేగాన్ని తగ్గిస్తుంది. బాణం తగిలించే చోట చుట్టిన సర్వింగ్ దారం మీద మైనం పూయకూడదు. ఇక లైటర్ వెలిగించి నారి మీది మైనాన్ని కరిగించడం నేను కళ్లారా చూశాను. పాలిథిలిన్ పోగు సుమారు 145 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, అంతకు చాలా ముందే దాని బలం తగ్గుతుంది. లైటర్ మంట దానికి ఎన్నో రెట్ల వేడి. కొనల దగ్గర కప్పీలు ఉండే కాంపౌండ్ విల్లున్నవారు మాత్రం ఏ మైనం వాడినా ముందు తయారీదారు సూచనలు చదవాలి.

మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. 1956 నుంచి మన్యంలో పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ అక్కడి తేనెను మన ఊళ్లలో అమ్ముతోంది. ఆ తేనె పక్కనే శుద్ధి చేసిన తేనెమైనాన్ని కూడా యాభై, వంద గ్రాముల బిళ్లలుగా అమ్మకానికి పెడితే, విలుకాళ్లకే కాక చెప్పులు కుట్టేవారికీ, మైనపు దారం వాడే మరెందరికో కల్తీ లేని సరుకు దొరుకుతుంది. తేనెపట్టు తీసే గిరిజనుడికి పిప్పి మీద కూడా నాలుగు రూపాయలు వస్తాయి. సంస్థ అధికారులు ఈ సంగతి పరిశీలించాలని కోరుతున్నాను. అలాగే జిల్లా స్థాయి శిక్షకులు వారానికి ఒక్కరోజు, సాధన మొదలుపెట్టే ముందు, పిల్లల చేత నారిని వేళ్లతో తడిమించాలి. ఎక్కడ పొడిగా, నూగుగా తగిలితే అక్కడ ఆ పూటే మైనం పెట్టించాలి, పోగు తెగి కనిపిస్తే ఆ నారిని విప్పించి పక్కన పెట్టించాలి.

ఇట్లు,
ఒక విలువిద్యార్థిని తండ్రి,
విజయవాడ