మన పాత రికార్డుల సంఘం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం కొన్నవి తక్కువ, రాసుకున్నవి ఎక్కువ. కార్యవర్గం కావాలనే అలా నడిపింది. పాట వినాలంటే ఫోన్‌లో నిమిషంలో దొరుకుతుంది. ఆ పాట ఏ కంపెనీ రికార్డు మీద, ఏ నంబరుతో, ఎంత నిడివిలో వచ్చిందో తెలుసుకోవాలంటే మాత్రం పదిమంది ఇళ్లలో పెట్టెలు తెరవాల్సిందే. అందుకే పోయినసారి సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టు, తెలుగు 78లకూ (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లు), ఏడంగుళాల ఈపీలకూ (కొన్ని పాటలుండే చిన్న వినైల్ రికార్డులు) జాబితా మొదలుపెట్టాం.

ఒక్కో రికార్డుకు కంపెనీ, లేబుల్ రంగు, నంబరు, సినిమా, పాట, పాడినవాళ్లు, వేగం రాస్తున్నాం. వీటితోపాటు పాట అయిపోయాక ముల్లు తిరిగే ఖాళీ జాగాలో ఉండే మాట్రిక్స్ నంబరు, అంటే ఫ్యాక్టరీ వేసిన గుర్తింపు నంబరు కూడా రాయాలి. దీన్ని మనలో చాలామంది ఇంతకుముందు పట్టించుకోలేదు. రికార్డును ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే సన్నటి అంకెలు కనిపిస్తాయి. లేబుల్ మీద అచ్చుతప్పు ఉండొచ్చు, కవరు మారిపోయి ఉండొచ్చు, ఈ అంకెలు మాత్రం అబద్ధం చెప్పవు. కవర్ల సంగతి మీకు తెలిసిందే. ఘంటసాల పద్యాలని మురిసిపోయి కొని తెచ్చుకున్న ఒక సభ్యుడికి లోపల అమెరికన్ గాయకుడు జిమ్ రీవ్స్ దర్శనమిచ్చాడు.

ఈ పనిలో అందరికీ ఆసక్తి కలిగించింది నిడివి. పదంగుళాల 78కి ఒక పక్క మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. సినిమాలో పాట అంతకన్నా పెద్దదైతే కుదించి రికార్డు చేశారు, లేదంటే రెండు పక్కలకూ పంచారు. కాబట్టి రికార్డు పాటా, సినిమా పాటా అన్నిసార్లూ ఒకటి కావు. ఒకచోట చరణం ఎగిరిపోతుంది, ఇంకోచోట మధ్యలో వాయిద్యం మారుతుంది. ఒక్కోసారి సినిమాలో లేని చరణం రికార్డులో ఉంటుంది. ‘నేను రేడియోలో విన్నది ఇది కాదయ్యా’ అని మన పెద్దవాళ్లు టీవీ ముందు కూర్చుని విసుక్కుంటారు కదా, వాళ్ల మాటే నిజం. రేడియో వేసింది రికార్డునే. రేడియో సిలోన్‌లో తెలుగు వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గారు మనకు వినిపించినవీ ఈ ప్లేట్లే. సరిచూసుకోవడానికి సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాత పాటల పుస్తకాలు పక్కన పెట్టుకుంటున్నాం. మీ అటకమీద అవి ఉంటే చిత్తు కాగితాలకు వెయ్యకండి, మాకు ఇవ్వండి.

మైక్ సెట్ రికార్డులు

ఈ ఏడాది మనకు వచ్చిన వాటిలో నా లెక్కన అన్నిటికన్నా విలువైనవి గుంటూరు జిల్లాలో ఎప్పుడో మూతపడ్డ ఒక సౌండ్ సర్వీసు వాళ్ల పెట్టెలు. వాళ్ల అబ్బాయి పైసా తీసుకోలేదు. లేబుళ్ల మీద నాన్నగారి పేరు చెరపొద్దని మాత్రం అడిగారు. చెరిపే ప్రసక్తే లేదు. ఎర్ర ఎనామిల్ పెయింటుతో వేసిన వరుస నంబర్లు, కవర్ల మీద రబ్బరు స్టాంపు, కొన్నిటి మీద పెన్నుతో ‘పెండ్లి’ అనీ ‘గుడి’ అనీ రాసుకున్న గుర్తులు, అన్నీ ఫొటోలు తీసి జాబితాలో పెట్టాం.

వీటి కండిషన్ గురించి కార్యవర్గంలో పెద్ద చర్చే జరిగింది. ఇవి పెళ్లి పందిళ్లలో, జాతరల్లో, టూరింగ్ టాకీసుల్లో ఆట మొదలయ్యే ముందు మోగిన ప్లేట్లు. ఉక్కు ముల్లు పాట పాటకూ మార్చాలి. పెళ్లిలో మైక్ సెట్ కుర్రాడికి అంత తీరిక ఎక్కడిది? ఒక 78 చూడండి: మొదటి పక్క గాడులన్నీ బూడిదరంగుకు తిరిగాయి, వేస్తే వర్షం కురిసినట్టు ఒకటే చప్పుడు. తిప్పితే రెండో పక్క నల్లగా నిగనిగలాడుతోంది. ఆ ఊరి జనం ఏ పాట మళ్లీ మళ్లీ అడిగారో ఎవరూ కాగితం మీద పెట్టలేదు, ఈ అరుగుదలే చెబుతోంది. ఇలాంటివి అలమరలో చోటు దండగ అని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు, చివరికి మెజారిటీ కూడా ఒప్పుకోలేదు.

సంతలూ, ధరలూ

ఎర్రగడ్డ ఆదివారం సంతలో, పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్‌లో ఇప్పుడు రికార్డు అడగ్గానే అమ్మేవాళ్లు ఫోన్ తీసి విదేశాల్లో అడుగుతున్న ధర చూపిస్తున్నారు. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. గీతలు లేని ప్లేటు ధర గీతలున్న ప్లేటుకు రాదు. ఈ రెండు ముక్కలూ వాళ్లకు నచ్చజెప్పేసరికి మధ్యాహ్నమవుతోంది. 1985 మేలో కాలిపోయిన మద్రాసు మూర్ మార్కెట్‌లో కుప్పలోంచి ఏరుకున్న రోజుల్ని మన సీనియర్లు తలుచుకుని నిట్టూరుస్తుంటారు. ఆ ధరలు ఇక రావు.

రికార్డులు ఇస్తామంటూ ఫోన్ చేసేవాళ్లకు ఒక మనవి. ఘంటసాల గారు 1974లో పోయాక వచ్చిన భగవద్గీత ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు) గొప్పదే, కానీ అరుదైనది కాదు. ప్రతి రెండో ఇంట్లో ఉంది. దాన్ని లక్షలకు కొంటామని ఎవరైనా చెబితే నమ్మకండి.

లాలాగూడలోని ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం తమ ఇంగ్లిష్ పాప్ సింగిల్స్ మనకు ఇచ్చింది. లక్నోలో పుట్టిన క్లిఫ్ రిచర్డ్, బీటిల్స్, ఇంకా ఆ కాలం వాళ్లు. ఈ పెట్టె గురించి తెలియగానే చాలామంది అడిగింది ఒకటే: బీటిల్స్ 78 ఉందా? కొత్త సభ్యుల కోసం చెబుతున్నాను. ఇంగ్లండ్, అమెరికాల్లో 78లు ఆపేశాక కూడా కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీ 1960లలో వాటిని తీస్తూనే ఉంది. కరెంటు లేని ఇళ్లకు కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనే దిక్కు మరి. అలా బీటిల్స్ పాటలు కూడా పార్లోఫోన్ లేబుల్‌తో లక్క ప్లేట్లుగా మన దేశంలో వచ్చాయి. వాటి కోసం ప్రపంచమంతా వెతుకుతుంది. మన పెట్టెలో అన్నీ 45లే, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే వినైల్ రికార్డులే. కార్యదర్శి దాచుకున్నాడన్న పుకారు పుట్టకముందే చెప్పేస్తున్నాను.

శుభ్రం చేయడం, పంపడం

వేసవిలో పెట్టిన శిక్షణకు మంచి స్పందన వచ్చింది. ముఖ్యమైన మాట మళ్లీ: 78ని స్పిరిట్‌తో తుడవకండి. అది లక్క, స్పిరిట్‌కు కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తటి గుడ్డ ముంచి పిండి, లేబుల్ తడవకుండా, గాడుల వెంట గుండ్రంగా తుడిస్తే చాలు. 78కి ముల్లు కూడా వేరు. సుమారు 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు సన్నం కాబట్టి గాడి అడుగున పడి గరగరమంటుంది. ఏ రికార్డునైనా నిలబెట్టే ఉంచాలి, ఎండలో కారులో వదలకూడదు. ఒక కొరియర్ వాళ్ల పుణ్యమా అని విశాఖ నుంచి వచ్చిన 78 మూడు ముక్కలైంది. ఇకమీదట ప్లేటుకు రెండు వైపులా దానికన్నా పెద్ద అట్టలు పెట్టి, డబ్బాలో కదలకుండా కూరి పంపండి. వీలైతే మనిషి చేతికిచ్చి పంపండి.

పాటలు పంచుకోవడం

ఇది కొంచెం సున్నితమైన విషయం. మన దేశ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. అంటే 1965 చివరిదాకా విడుదలైన రికార్డుల గడువు 2025తో తీరింది. దీంతో కొందరు సభ్యులు అన్నీ అప్‌లోడ్ చేసేద్దామని ఉత్సాహపడ్డారు. ఆగండి. సాహిత్యానికీ సంగీతానికీ హక్కులు వేరుగా ఉంటాయి, వాటి లెక్క రచయిత పోయాక 60 ఏళ్లు. సినీ రచయిత పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, కాబట్టి ఆయన మాటలకు 2031 చివరిదాకా రక్షణ ఉంది. కాబట్టి రికార్డు పాడవకముందే కాపీ తీసి సంఘం హార్డ్ డిస్కులో ఉంచుతాం, వాట్సాప్ గ్రూపులో మాత్రం పంచం. ‘ఎవరు పట్టుకుంటారు లెండి’ అన్నది సంఘం తరఫున చెప్పగలిగే జవాబు కాదు.

జమాఖర్చులు

కోశాధికారి గారి పట్టిక ఈ నివేదికతో జతచేశాం. గది అద్దె పెరిగింది, చందా పెంచలేదు. ఈ రెండూ కలిసి ఎన్నాళ్లు నడుస్తాయో సమావేశంలో తేల్చాలి.

వచ్చే ఏటికి ప్రతిపాదనలు రెండు. 78లకోసం వేరే కార్ట్రిడ్జి (ముల్లును బిగించే భాగం), దానికి సరిపడే ముల్లు కొనడం మొదటిది. జాబితాను హైదరాబాద్ దాటించి విజయవాడ, విశాఖ సభ్యుల ఇళ్లకూ, అమెరికాకు సూట్‌కేసుల్లో రికార్డులు పట్టుకెళ్లిన మనవాళ్ల ఇళ్లకూ తీసుకెళ్లడం రెండోది. అక్కడున్నవాళ్లు రికార్డులు తిరిగి పంపనక్కర్లేదు, లేబుల్‌కూ మాట్రిక్స్ నంబరుకూ ఫొటోలు తీసి పంపితే చాలు. రెండింటి మీదా ఓటింగ్ ఉంటుంది. చందా బాకీ ఉన్నవాళ్లు ఆలోపు కట్టేయాలి, లేకపోతే నిబంధనల ప్రకారం ఓటు ఉండదు.

ఇట్లు,
కార్యదర్శి