మీటరుకు చిక్కని బేస్

సంపాదకుడి గారికి,

పోలీసు పర్మిషన్ కాగితం చేతికి రాగానే ఇక మైకుల మోత మన ఇష్టమే అనుకునే పండగ మండపం కమిటీలు విశాఖలో తక్కువేం లేవు. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని నినదించిన ఊరికి హక్కుల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కానీ లౌడ్‌స్పీకర్ పెట్టి మోత మోగించడం ప్రాథమిక హక్కు కిందకు రాదని, మాట్లాడే హక్కు ఒకరికుంటే వినను పొమ్మనే హక్కు ఇంకొకరికి ఉందని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దానికి హద్దు పగలు 55 డెసిబుల్స్, రాత్రి 45. మైకు పెట్టిన స్థలం హద్దు దగ్గర అంతకంటే 10 డెసిబుల్స్‌కు మించి పెరగకూడదు. అంటే పగలు 65. రాత్రి 10 గంటలు దాటితే బయట మైకు ఆపాల్సిందే. ఏడాదిలో కొన్ని పండగ రోజులకు మాత్రం ప్రభుత్వం రాత్రి 12 గంటల దాకా సడలించవచ్చు.

చిక్కంతా కొలతలో ఉంది. చట్టం అడిగేది ‘ఎ’ స్కేలు కొలత, అంటే మనిషి చెవి వినే తీరుకు సరిచేసిన కొలత. అది బేస్‌ను, అంటే దడదడమనే లోతైన శబ్దాన్ని, బాగా తక్కువ చేసి చూపిస్తుంది. బేస్ కొట్టే బాక్సు సబ్‌వూఫర్ లోతైన 63 హెర్ట్జ్ శబ్దం దగ్గర 90 డెసిబుల్స్ కొడుతున్నా ఎ స్కేలులో పడేది 64 మాత్రమే. కాగితం మీద అంతా సక్రమం. ఎదురింట్లో గిన్నెలు అదురుతుంటాయి, మంచాన పడ్డ ముసలాయనకు గుండెల్లో దడ. గోడలు సన్న శబ్దాన్ని ఆపినట్టు బేస్‌ను ఆపలేవు. స్వేచ్ఛకు చట్టం గీసిన గీత ఇక్కడ చాలదు, మిగతాది కమిటీ మనస్సాక్షికే వదిలేసినట్టు.

శబ్దం కొలిచే మీటరును బేస్‌ను దాదాపు ఉన్నదున్నట్టు చూపే ‘సి’ స్కేలుకు మార్చి మళ్లీ చూడండి. రెండు అంకెల మధ్య తేడా 20 దాకా పోయిందంటే బేస్ మితిమీరినట్టే. లోతైన, సన్నని శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో 63 హెర్ట్జ్ మీటను బాగా కిందికి దించండి, హరికథకైనా ప్రసంగానికైనా వచ్చే లోటేమీ ఉండదు. సబ్‌వూఫర్‌ను గోడ మూలకు ఆనిస్తే బేస్ ఇంకా పెరుగుతుంది, కాస్త బయటికి జరపండి. రోడ్డు చివరి దాకా వినపడాలని రెండు పెద్ద బాక్సులు నిలబెట్టే బదులు జనం కూర్చునే చోట నాలుగు చిన్నవి పెడితే సగం గొడవ తీరుతుంది.

సాయంత్రం ఆరింటికి ట్రాఫిక్ హోరులో పెట్టిన వాల్యూమ్ తొమ్మిదిన్నరకు ఊరు సద్దుమణిగాక రెట్టింపుగా తోస్తుంది. అప్పటికే ఆపరేటర్ చెవులు మొద్దుబారి ఉంటాయి, అతనింకా పెంచుతాడు. అందుకే సౌండ్ ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ముందే బిగించి, తాళం కమిటీలో ఒకరి దగ్గర ఉంచుకోవాలి. ఇక నిమజ్జనం బండి కేజీహెచ్ ఆసుపత్రి దారిన పోతుంటే పాట ఆపమని ఏ జీవో వచ్చి చెప్పాలి?

మొదటి రోజే కమిటీ పెద్ద ఒకరు ఎదురింటి పై అంతస్తుకు వెళ్లి, కిటికీలు మూయించి వినాలి. అద్దం గలగలమంటే సౌండ్ తగ్గించమని చెప్పాల్సింది ఆయనే. బాక్సు అదరాలనే డబ్బులిచ్చారని ఆపరేటర్‌కు తెలుసు, తనంతట తాను తగ్గించడు.

– ఒక సౌండ్ టెక్నీషియన్, విశాఖపట్నం